కుడి మూల కత్తిరించాలి

శనివారం మధ్యాహ్నం ఈనిడ్ పాస్కో ఆఖరి పలకకు జిగురు రాసి అతికించింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని ఏడ్చేసింది. ఏడవదా మరి! పెళ్ళి సంబంధాలు వద్దనుకుని, సెలవులు వద్దనుకుని, వయసంతా గుర్రం నెత్తుటికి ధారపోసిన మనిషి.

పని అలాంటిది. గుర్రపుశాల నుంచి సీసాలో నెత్తురు తేవాలి. అందులో ఊపిరిని మోసే ఎర్రటి పదార్థం, హిమోగ్లోబిన్, దాన్ని విడదీసి పటికబెల్లంలా స్ఫటికాలు కట్టించాలి. ఆ స్ఫటికం గుండా ఎక్స్‌రే పంపితే అవతల ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఏ చుక్క ఎంత నల్లగా ఉందో కొలవాలి. ఆ లెక్కల్లోంచి అణువు ఆకారం పొరలు పొరలుగా బయటికొస్తుంది. ఒక్కో పొరకీ ఒక తెల్లటి ప్లాస్టిక్ పలక కత్తిరించి, ఓవెన్‌లో కాల్చి, దొంతరగా పేర్చి అతికించాలి. ఇంతా చేస్తే బల్లమీద నిలబడింది ఏమిటయ్యా అంటే, నాలుగు లావుపాటి తాళ్ళు ఒకదాన్నొకటి కావలించుకున్న పేగుల కుప్ప. అందంగా ఉందని కన్నతల్లి కూడా అనదు. అయినా ప్రపంచంలో ఎవరూ చూడని ఆకారం అది.

సోమవారం లండన్ నుంచి ఈ పనికి డబ్బిచ్చే పెద్దలు వస్తున్నారు. ఈ ప్రయోగశాల గదిని ఈనిడ్ వాళ్ళకే ఉంచాలా, ఇంకెవరికైనా ఇచ్చెయ్యాలా అన్నది వాళ్ళు తేల్చాలి. కేంబ్రిడ్జ్‌లో గది దొరకడం కంటే పెళ్ళికొడుకు దొరకడం తేలిక. గది పోతే పని పోయినట్టే.

పక్క గది నుంచి ఇడ్రిస్ ప్రాబర్ట్ టీ కప్పు పట్టుకుని వచ్చాడు. ఇతను వేల్సువాడు. తిమింగలం కండలో ఊపిరిని దాచిపెట్టుకునే అణువు ఒకటుంది, దాని ఆకారం కిందటేడు తేల్చింది ఇతనే. అందులో తాడు ఒక్కటే.

"ఓహో, కాన్పు అయిందా! తల్లీ బిడ్డా క్షేమమేనా?" అన్నాడు.

"నోరు మూసుకుని చూడు, ఇడ్రిస్."

అతను చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు. వెళ్ళి తన తెల్లటి బొమ్మ తెచ్చి పక్కన పెట్టాడు. "వింతగా ఉందే. నాది ఇక్కడ కుడికి మెలి తిరిగింది. నీ నాలుగూ ఎడమకి తిరిగాయి."

వాళ్ళ పై అధికారి డాక్టర్ గార్‌సైడ్ అప్పుడే లోపలికొస్తూ ఆ మాట విన్నాడు. వినీ వినగానే ఎగిరి గంతేశాడు. "అదీ! నెత్తురు దారి నెత్తురుది, కండ దారి కండది. కొత్త సంగతి అంటే ఇదమ్మా! వ్యాసంలో నీ పేరే ముందు వేస్తాను." అక్కడితో ఆగాడా, టీ గదికి వెళ్ళి అందరికీ చాటేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈనిడ్‌కి మాత్రం మింగుడు పడలేదు. జిగురు చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్ళింది. దానిపైన చిన్న అద్దం. తల ఎత్తేసరికి అద్దంలో వెనక బల్లమీది తన బొమ్మ కనిపించింది. ఒక్క క్షణం అది ఇడ్రిస్ బొమ్మేననుకుంది. తన నాలుగు తాళ్ళలో ఏది చూసినా అచ్చం అతని తాడే. ఎడమ చెప్పు అద్దంలో కుడి చెప్పయినట్టు. చేతులు తుడుచుకోకుండానే వెనక్కి తిరిగింది.

"ఇడ్రిస్, మనిద్దరిలో ఒకరు తిరగేసి చదివాం," అంది.

"నేను కాదు."

"నేనూ అలాగే అనుకుంటున్నాను. పద."

ఎక్స్‌రే యంత్రం దగ్గర గోడకి ఓ కాగితం అంటించి ఉంది. ఫిల్ముకి రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయి కదా, ఏ ముఖం ఎటో తెలియడానికి చీకటి గదిలో దాని మూల ఒకటి కత్తిరిస్తారు. మూల తప్పితే ఫిల్ము తిరగేసి చదివినట్టే. 'కుడి పై మూల కత్తిరించాలి' అని గార్‌సైడ్ స్వహస్తాలతో రాసిన కాగితం అది. ఇన్నాళ్ళూ అది ఈనిడ్‌కి వేదవాక్కు.

ఆయన్ని పిలుచుకొచ్చి, ఆయన ఎప్పుడూ నిలబడే చోటే, యంత్రం వెనక నిలబెట్టారు. ఈనిడ్ తను ఎప్పుడూ నిలబడే చోట, ఫిల్ము పెట్టే వైపు, యంత్రానికి ఎదురుగా నిలబడింది.

"కుడి ఎటు, సార్?"

"కుడి అంటే కుడే. ఇదేం ప్రశ్న?" అంటూ ఆయన కిటికీ వైపు చెయ్యి చాచాడు.

ఈనిడ్ తన కుడిచెయ్యి చాచింది. అది తలుపు వైపు వెళ్ళింది.

ఇద్దరూ చేతులు చాచుకుని, దిష్టిబొమ్మల్లా ఎదురెదురుగా నిలబడిపోయారు. ఇడ్రిస్‌కి నవ్వాగలేదు. "నాకు మొదటిరోజే అనుమానమొచ్చి అడిగాను. కిటికీ వైపు అని చెప్పారు, అయిపోయింది," అన్నాడు.

"నువ్వెందుకు అడగలేదమ్మా?" గార్‌సైడ్ మొహం ఎర్రబడింది.

"ఎవరి కుడో మీరెందుకు రాయలేదు, సార్?"

ఆయన గోడమీది కాగితం మళ్ళీ చదువుకున్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. ఈనిడ్‌కి ఆయనమీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది, అంతకంటే ఎక్కువగా తనమీద తనకే మండుకొచ్చింది. మహా తెలివిగలదాన్ననుకుందే, కుడి ఎటో అడగడానికి నోరు రాలేదు!

"సరే, లెక్కలేం పాడవలేదు," అంది చివరికి. "పలకలు అవే, వరసే తిరగబడాలి. అడుగుది పైకి, పైది అడుక్కి. కానీ అతికించేశాను. పగలగొట్టాలి."

గార్‌సైడ్ లేచి బొమ్మకి అడ్డంగా నిలబడ్డాడు. "సోమవారం వాళ్ళొస్తుంటే ముక్కలు చూపిస్తావా? గది పోతుంది! ఇది ఇలాగే ఉండనీ. వాళ్ళు వెళ్ళాక నింపాదిగా మార్చుకుందాం. ఎవడు కనిపెడతాడు?"

"ఎవడూ కనిపెట్టడు. అదే కదా నా భయం! ఈ ఆకారం చూసినవాళ్ళు లోకంలో మనం ముగ్గురమే. మనమే తప్పు చెబితే దిద్దేవాడెవడు, సార్? తప్పుకోండి."

ఆయన కదల్లేదు. "కుడి అంటే నేను చెప్పిందే కుడి," అని గొణిగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇడ్రిస్ ఆయన భుజంమీద చెయ్యివేసి మెల్లగా పక్కకి నడిపించాడు. ఈనిడ్ ఉలీ సుత్తీ తీసుకుంది. మొదటి దెబ్బ వెయ్యడానికి చాలాసేపు పట్టింది. తర్వాతవి త్వరగానే పడ్డాయి.

పలకలు చాలాచోట్ల చిట్లిపోయాయి. ఆదివారమంతా, చర్చి గంటలు మోగుతున్నా పట్టించుకోకుండా, ఈనిడూ ఇడ్రిసూ కూర్చుని ముక్కలు ఏరి, వరస మార్చి అతికించారు. ఎంత తంటాలు పడ్డా నాలుగు తాళ్ళలో నిలబడింది ఒక్కటే. దాన్ని ఇడ్రిస్ బొమ్మ పక్కన పెట్టారు. మిగతా మూడూ ట్రేలో ముక్కలు.

సోమవారం పెద్దలొచ్చారు. ముందున్న ముసలాయన సర్ హంఫ్రీ, ఊతకర్రతో ట్రేలో ముక్కలు కెలికి కనుబొమలు ముడిచాడు. గార్‌సైడ్ గోడకానుకుని, తద్దినం భోజనానికొచ్చినవాడిలా నిలబడ్డాడు. ఈనిడ్ జరిగింది జరిగినట్టు చెప్పింది, కుడి సంగతితో సహా. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఇక గది ఆశ వదులుకోవచ్చని ఆమెకి అర్థమైపోయింది.

సర్ హంఫ్రీ మాత్రం పక్కపక్కన ఉన్న రెండు తెల్లటి బొమ్మల మీదికి వంగి చూస్తున్నాడు. "ఒకటి తిమింగలం కండ అన్నారు, ఒకటి గుర్రం నెత్తురు అన్నారు. ఏది ఏదమ్మా?"

ఈనిడ్ వేలెత్తి ఆగిపోయింది. ఎటు తిప్పి చూసినా ఒకటే తీరు. ఒకటే మెలిక, ఒకటే మలుపు. సముద్రంలో తిమింగలానికీ, శాలలో గుర్రానికీ ఒకటే అచ్చు. ఇడ్రిస్ గబగబా వచ్చి వంగి చూశాడు. తన బొమ్మ ఏదో చెప్పలేక బుర్ర గోక్కున్నాడు.

గార్‌సైడ్ గోడ వదిలి ముందుకొచ్చాడు. రెండింటినీ చూశాడు, మళ్ళీ చూశాడు. జన్మలో 'నాకు తెలీదు' అని ఎరగని మనిషి, గొంతు సవరించుకుని, "మాకూ తెలియడం లేదండీ!" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి కూడా అంత గర్వంగా మాట్లాడడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. ముసలాయన రెండింటినీ వేలితో మెల్లగా తడిమాడు.

"మిగతా మూడూ ఎప్పటికి నిలబెడతావు?" అని అడిగాడు.

"గది ఉంటే క్రిస్మస్‌కి," అంది ఈనిడ్.

"గది ఎక్కడికి పోతుంది?" అంటూ ఆయన కుర్చీ లాక్కున్నాడు.