ముట్టద్దు

రాజమణి పేరు పిలిచారట. మనిషి రాలేదని రాసుకున్నారట. ఫైలు మూసి, చాయ్ తాగడానికి కూడా పోయారట. పిలిచింది మాత్రం గోడకున్న టీవీలో.

పుట్టుకతోనే చూపు లేదు ఆమెకు. టీవీలో అక్షరాలు వెలిగి ఆరిపోయినంతసేపూ సరిగ్గా దాని కిందే, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, ఒళ్లంతా చెవులు చేసుకుని బెంచీ మీద కూర్చుంది.

“టోకెన్ నంబర్ పడ్డది గదమ్మ, చూస్కోవద్దా?” అన్నాడు అటెండరు పరశురాం. అన్నాక నాలుక కరుచుకున్నాడేమో, ఆమెకు తెలియదు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“నోటితోని పిలువరాదా అన్న?”

“అప్పట్ల పిలుస్తుంటిమి. టీవీ వొచ్చినంక బంద్ వెట్టినం.”

పోయింది చిన్న సంగతి కాదు. ఆఫీసు గేటు పక్కన వికలాంగులకని ఒక డబ్బా కొట్టు ఇస్తున్నారు. రాజమణి మెదక్ బస్టాండులో ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతుంది. ఇవ్వాళ ఒక మూల, రేపు ఒక మూల. వచ్చే పోయే ప్రతివాడూ జరుగు జరుగు అనేవాడే. గంపను తన్నుకున్నవాడు కూడా “కనవడ్తలేదా” అని ఆమెనే అడుగుతాడు. నెత్తిమీద రేకు నీడ, ఎవరూ జరగమనని జాగా, ఇంతే ఆమె ఆశ. ఇవ్వాళ హాజరు కానివాళ్ల పేరు కొట్టేసి, తర్వాతి పేరుకు ఇస్తామని ముందే చెప్పారు.

ఇదివరకు ఏ ఆఫీసుకైనా వదిన మార్తమ్మ తోడొచ్చేది. ఇప్పుడు పాపన్నపేట దిక్కు నాట్ల రోజులు. ఒక్క రోజు మానితే ఐదారు వందల కూలి పోవడమే కాదు, మర్నాడు ముఠాలోకి రానివ్వరు. “కండ్లు లేనోళ్లకని ఆఫీసుల చుక్కల బోర్డు వెట్టిండ్రంట, పేపర్ల ఫొటో వడ్డది” అని మార్తమ్మే చెప్పింది. చిన్నప్పుడు హైదరాబాదులో అంధుల బడిలో, వేలితో తడిమి చదివే ఆ చుక్కల అక్షరాలు నేర్చుకుంది రాజమణి. ఊరికి తిరిగొచ్చాక ఆ వేళ్లకు చదవడానికి ఒక్క మాటా దొరకలేదు. “నువ్వు నాట్లకు వో వదినా, నేనొక్కదాన్నే వోత” అంది. గర్వంగానే అంది.

బోర్డు ఉన్నమాట నిజమే. తలుపు పక్కనే, చేతికందే ఎత్తులోనే ఉంది. పొద్దున తడుముకుంటూ పోయి అరచేయి ఆనించింది. చల్లగా, నున్నగా తగిలింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికినా ఒక్క చుక్క లేదు. ఇంతలో పరశురాం ఉరికొచ్చాడు.

“ముట్టద్దు, ముట్టద్దు. మరకలు వడ్తయి. వొచ్చినోడల్లా గీకుతుండని సార్ అద్దం బిగిపిచ్చిండు.”

వేలు పెడితే తప్ప ఎందుకూ కొరగాని బోర్డుకు అద్దం బిగించారు. మూతికి గుడ్డ కట్టి ముందు విస్తరి వేశారు. దానికో రిబ్బను, దానికో ఫొటో, సిగ్గు లేకపోతే సరి. ఏ గది ఎటో తెలియక ఆమె అడిగితే, పోయేవాడెవడో “గాడ కూసో” అన్నాడు. గాడ అంటే ఎక్కడో చెయ్యెత్తి చూపించే ఉంటాడు మహానుభావుడు.

ముట్టద్దు అన్న మాట రాజమణికి కొత్త కాదు. ఊళ్లో హోటలు గ్లాసు ముట్టద్దు, పెద్దకులం వాళ్ల బిందె ముట్టద్దు. తల్లి జ్ఞానమ్మ ఆ మాట విన్నప్పుడల్లా పక్కకు జరిగి నిలబడేది. పొద్దున తనూ అట్లాగే జరిగింది. పేరు పోయినదానికంటే, అట్లా జరిగినందుకే ఇప్పుడు ఆమెకు కడుపు మండిపోతోంది.

చాయ్ తాగి వచ్చిన సూపరింటెండెంటు ఉదయ్ కుమార్ ఆమె ముందు ఆగాడు.

“ఏమ్మా, నీకు చుక్కలు చదువొస్తదా?”

“వొస్తది సార్.”

“మంచిగాయె. బోర్డు మీద వేలు వెట్టి చదివినట్టు జెయ్యి, చిన్న వీడియో. పొద్దుగూకే లోపల పైకి పంపాలె. నీ పేరు సంగతి నేను చూస్కుంట. రాలేదని రాసింది కొట్టేపిస్త.”

“అద్దం తీస్తరా సార్?”

“గిప్పుడు స్క్రూలెవలు ఇప్పుతరు? ఏం రాసున్నదో పరశురాం చెప్తడు, నువ్వు గట్లనే అను. ఎవలకు తెలుస్తది?”

నిజమే, ఎవరికీ తెలియదు. ఒక్క అబద్ధం ఆడితే రేకు నీడ దక్కుతుంది. సాయంత్రం వదినకు చెప్పుకోవచ్చు. పరశురాం ఆమె మోచెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి నడిపించాడు. “కుడి దిక్కు మొదటి గది అర్జీలు, ఎడమ దిక్కు రెండో గది పింఛన్లు. గింతే అక్కా, గిదే అను” అని చెవిలో చెప్పాడు.

పేపర్లో ఫొటోను నమ్మే కదా తను వచ్చింది అనుకుంది రాజమణి. రేపు ఈ వీడియోను నమ్మి అల్లాదుర్గ్ నుంచో శివ్వంపేట నుంచో ఇంకొకరు తోడు లేకుండా బయల్దేరతారు. ఆ బెంచీ మీదే, ఆ టీవీ కిందే కూర్చుంటారు.

వీడియో మొదలైనట్టు ఫోను చిన్నగా మోగింది. “ఆఁ, చదువు” అన్నాడు సారు.

ఆమె చూపుడువేలు పెట్టి, బడిలో నేర్పినట్టే ఎడమ నుంచి కుడికి నిదానంగా జరిపింది.

“అద్దం,” అంది. వేలు కిందికి దించింది. “గీడ గూడ అద్దమే. చుక్కలు లెవ్వు.”

సారు ఫోను దించాడు. “నీ మంచికే చెప్పిన. డబ్బా వొద్దా నీకు?”

“కావాలె సార్. గందుకే వొచ్చిన. నా పేరు నోటితోని పిలువుండ్రి, పలుకుత. చదివినట్టు మాత్రం జెయ్య.”

చెయ్యి తియ్యమన్నాడు సారు. ఆమె తియ్యకపోగా, కర్రను చంకలో ఇరికించుకుని రెండో అరచేయి కూడా అద్దానికి ఆనించింది. పరశురాం తుడుపు గుడ్డ పట్టుకుని పక్కకొచ్చి నిలబడ్డాడు.

“అక్కా, జర చేతులు తియ్యరాదు. మరకలైతున్నయి.”

“స్క్రూలిప్పెటోన్ని తోల్కరా అన్న,” అంది రాజమణి. “గప్పటిదాంక ముట్టుకునే ఉంట.”