తండ్రి ఎత్తు నూట అరవై

సిరిసిల్లలో ఎంపికలు జరుగుతున్న హాల్లో పొద్దటి నుంచి బంతి నేలకు తగలలేదు. బంతులు వల సంచిలో ఉన్నాయి. సంచి మూలన ఉంది. ముందు కొలతలు, వాటిలో నిలిచినవాళ్లకు మధ్యాహ్నం ఆట అని చెప్పారు.

ఎంపికలు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు బాస్కెట్‌బాల్ అకాడమీవి. పదిహేనేళ్లు దాటని పొడుగు పిల్లలు, రింగు కింద సెంటర్‌గా ఆడేవాళ్లు, నలుగురు కావాలి. నాలుగేళ్లు తిండి, చదువు, శిక్షణ అకాడమీయే చూసుకుంటుంది. ఆ తర్వాత లీగ్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు వాళ్ల పేర్లు పంపుతుంది. జట్లు సెంటర్‌ను మొదట ఎత్తుతోనే చూస్తాయి కాబట్టి అకాడమీ కూడా ఎత్తుతోనే మొదలుపెట్టింది.

కోరుట్ల నుంచి పీఈటీ వెంకటేశం తొమ్మిదో తరగతి హరీశ్‌ను తీసుకొచ్చాడు. హరీశ్‌కు డిసెంబరులో పదిహేను నిండుతాయి. వచ్చే ఏడు ఈ ఎంపికలకు అతను పనికిరాడు. అందుకే వెంకటేశం జూన్ నుంచి ఈ తేదీ కోసం చూస్తున్నాడు.

హరీశ్ పొడుగని అందరికీ కనిపిస్తుంది. వెంకటేశం చూసింది ఇంకొకటి. జగిత్యాలలో జిల్లా పోటీలు జరిగినప్పుడు, ఎదుటివాడు వేసిన బంతి రింగుకు తగలక ముందే హరీశ్ ఒక అడుగు జరిగి నిలబడేవాడు. బంతి అక్కడికే వచ్చి పడేది. వెంకటేశం అది ఎవరికీ నేర్పలేదు. తనకే రాదు.

గోడకు కొలత పట్టీ ఉంది. దాని పక్కన ల్యాప్‌టాప్‌తో సురేందర్ కూర్చున్నాడు. ఒకప్పుడు తనూ సెంటర్ ఆడినవాడే. హరీశ్ చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎత్తు నూట ఎనభై ఏడు సెంటీమీటర్లు. చేతులు బార్లా చాపితే వేళ్ల కొస నుంచి వేళ్ల కొసకు నూట తొంభై ఆరు. నిలబడి చెయ్యెత్తితే రెండు వందల నలభై ఎనిమిది. సురేందర్ చేతుల కొలత మళ్లీ తీయించాడు. అదే వచ్చింది.

"చేతులు మంచిగున్నయి" అన్నాడు.

వెంకటేశం ఆ మాట విన్నాడు.

"సార్, బాల్ ఎప్పుడిస్తరు?" అని హరీశ్ అడిగాడు. మధ్యాహ్నం అని వెంకటేశం చెప్పాడు.

తర్వాత తల్లిదండ్రుల కొలతలు. పిల్లాడు ఇప్పుడెంత ఉన్నాడన్నది సగం లెక్క. పెరగడం ఆగేటప్పటికి ఎంత ఉంటాడన్నది మిగతా సగం. దానికి పిల్లాడి వయసు, ఎత్తు, బరువుతో పాటు తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు కావాలి. వెంకటేశం వారం ముందే హరీశ్‌తో అమ్మను, నాన్నను పిలుచుకొని రమ్మన్నాడు. ఇద్దరూ వచ్చారు. తల్లి మంజుల బీడీలు చేస్తుంది. ఆమెను ఆడవాళ్ల వైపు అవతలి గదిలో కొలిచారు. నూట అరవై ఎనిమిది.

తండ్రి శ్రీశైలం కల్లు గీస్తాడు. పొద్దున చెట్లెక్కి దిగి, అటు నుంచి అటే బస్సు పట్టుకున్నాడు. మూడేళ్లుగా బడిలో ఏ మీటింగుకు పిలిచినా వచ్చేది అతనే. మాట తక్కువ, వచ్చే టైముకు వస్తాడు. కాగితం మీద పేరు రాసి, సంతకం పెట్టి, గోడకు ఆని నిలబడ్డాడు. సురేందర్ పట్టీ చూశాడు, హరీశ్ వైపు చూశాడు, మళ్లీ పట్టీ చూశాడు. నూట అరవై.

అన్నం వేళకు జాబితా తలుపుకు అతికించారు. పదకొండు పేర్లున్నాయి. హరీశ్ పేరు లేదు.

వెంకటేశం జాబితా పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివి, లోపలికి వెళ్లాడు. సురేందర్ టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. అడిగితే విసుక్కోలేదు. ల్యాప్‌టాప్ ఇటు తిప్పి చూపించాడు. హరీశ్ పేరుకు ఎదురుగా, పూర్తి ఎత్తు అన్న చోట నూట తొంభై అని ఉంది. నూట తొంభై అయిదు ఉండాలి.

"చేతులు మంచిగున్నయని మీరే అన్నరు గద సార్."

"అన్న. ఇప్పుడు గూడ అంట. కని తండ్రిని సూడు. నూట అరవై. గీ పోరడు జల్దిన పెరిగి ఆగిపోయే రకం. నూట తొంభై ఉన్నోన్ని సెంటర్ అని ఏ టీమోడు తీసుకుంటడు?"

ఒక్క పది నిమిషాలు ఆట చూడమని వెంకటేశం అడిగాడు. జాబితాలో లేని పిల్లలను కోర్టులోకి రానివ్వకూడదని, ఎవరికైనా దెబ్బ తగిలితే జవాబు చెప్పుకోవాల్సింది తనని సురేందర్ చెప్పాడు. ఆట చూడకుండా ఆటగాణ్ని ఎట్లా తీసేస్తారని వెంకటేశం రెండుసార్లు అడిగాడు. ఆడేవాళ్లు అన్ని జిల్లాల్లో దొరుకుతున్నారని, పొడుగే దొరకడం లేదని సురేందర్ రెండుసార్లూ ఒకే జవాబు చెప్పి డబ్బా మూత తీశాడు.

బయట బండ్లు పెట్టే రేకుల కింద ముగ్గురూ సద్ది విప్పుకొని కూర్చున్నారు. పేరు రాలేదని హరీశ్ అప్పటికే చూసి వచ్చాడు. కలిపిన అన్నం కలుపుతూనే ఉన్నాడు. వెంకటేశం కూర్చోలేదు.

"నీ మీద కోపం కాదు, శ్రీశైలం" అన్నాడు. "కని మొత్తం నీ దగ్గర్నే ఆగింది. నీకు ఇంకొక జానెడు పొడుగుంటె వీడు హైదరాబాదుల ఉండు."

అతను నవ్వాడు. "నా పొడుగు వానికెట్ల అస్తది సార్? వాడు మా అన్న లెక్క."

"ఏ అన్న?"

"వాళ్ల బాపు. మస్కట్‌ల ఉన్నడు గద. ఆయన మా ఇంట్ల ఏ దర్వాజల కెల్లి అచ్చినా తల వంచుడే."

వెంకటేశం అతని మొహం వైపు చూశాడు. "మరి నువ్వెవరు?"

"సాయిలును సార్. వాని చిన్నబాపును."

మూడేళ్లుగా వెంకటేశం అతన్ని శ్రీశైలం అని పిలిచాడు. మూడేళ్లుగా అతను పలికాడు. అందులో మోసం ఉందని సాయిలు ఎన్నడూ అనుకోలేదు. హరీశ్ ఒకటో తరగతిలో చేరిన ఏడే అన్న మస్కట్ వెళ్లాడు. తండ్రిని తీసుకురమ్మని బడివాళ్లు అంటారు. తండ్రి పని మీద ఎవరో ఒకరు వెళ్లాలి. సాయిలు వెళ్లాడు. తండ్రి పేరు ఉన్న చోట సంతకం పెట్టమంటే అన్న పేరు రాశాడు. కోరుట్లలో సగం ఇళ్లలో ఇట్లాగే నడుస్తుంది. ఒక ఇంట్లో మేనమామ, ఒక ఇంట్లో తాత. పొద్దున ఇక్కడ గోడకు నిలబడమన్నప్పుడు కూడా తండ్రి తరఫున నిలబడుతున్నాననే అనుకున్నాడు.

"కొలుస్తున్నరని తెల్వదా?" అన్నాడు వెంకటేశం. "ఎవని ఎత్తు కొలిస్తె ఎవనికి పనికస్తది సాయిలు? సంతకం అనుకున్నవా?"

మంజుల చెయ్యి కడుక్కుంది.

"సారూ, ఆడ ఈనను ఎవరని రాసుకున్నరు?"

"తండ్రి అని."

"అంటె నాకు?"

హరీశ్ అన్నం వైపు చూస్తున్నాడు.

"నా మరిదిని పట్టి నాకు మొగణ్ని చేసిండ్రా కాయితం మీద?" అని మంజుల లేచింది. "నడువున్రి. గా రాత కొట్టేయించినంకనే నేను బస్సెక్కుత."

సాయిలు కదల్లేదు. బడిలో, బ్యాంకులో, గ్యాసు దగ్గర అన్ని చోట్లా తానే అన్న పేరు పెట్టానని, ఇక్కడ కాదంటే అన్నీ తవ్వుతారని నెమ్మదిగా చెప్పాడు. మంజుల వినలేదు. కొడుకు పేరు పోయింది ఆ సంతకంతోనే కాబట్టి అది సరిచేస్తే పేరు వస్తుందని ఆమె లెక్క. వెంకటేశం లెక్క కూడా అదే. నలుగురూ లోపలికి వెళ్లారు.

సురేందర్ మొత్తం విన్నాడు. చివరికి సాయిలు వైపు తిరిగాడు.

"వాళ్లు చెప్పుడు గాదు. నువ్వు చెప్పు. నువ్వు ఈ పోరనికి తండ్రివా?"

సాయిలు హరీశ్‌ను చూశాడు. హరీశ్ ఒకటో తరగతిలో చేరిన రోజు అతన్ని భుజం మీద ఎత్తుకెళ్లింది సాయిలే. ఇప్పుడు అతని మొహం చూడాలంటే తల ఎత్తాలి.

"కాను సార్" అన్నాడు.

వెంకటేశం సాయిలును వీడియో కాల్ చేయమన్నాడు. మస్కట్‌లో శ్రీశైలం భోజన విరామంలో ఉన్నాడు. ముందు గడ్డం కనిపించింది, తర్వాత హెల్మెట్. ఎంపికకు ఎత్తు చూస్తారన్న మాట తప్ప ఏమీ చెప్పడానికి టైము లేదు. లేచి నిలబడమని, దూరం జరగమని వెంకటేశం చెప్పాడు. శ్రీశైలం ఫోన్‌ను పక్కవాడికి ఇచ్చి, వాళ్లుండే రేకుల గది దగ్గరికి నడిచాడు. తలుపు దగ్గర తల వంచి లోపలికి పోయి, మళ్లీ తల వంచి బయటికి వచ్చాడు. ఏమైందని అడిగేలోపు విరామం అయిపోయింది.

సురేందర్ ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"సూసిన. నమ్మిన గూడ. ఈయన నూట తొంభైకి తక్కువుండడు. ఈయన కొలత వేస్తె పోరడు నూట తొంభై అయిదు దాటుతడు."

"వెయ్యున్రి మరి" అన్నాడు వెంకటేశం.

"ఫోన్ల సూసి ఏం కొలత వెయ్యాలె? పదో తారీఖు లోపట తీసుకరా. నేనే కొలుస్త."

శ్రీశైలంకు సెలవు వచ్చే మార్చిలో ఉంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. వెంకటేశం ఆ రెండూ చెప్పాడు. సురేందర్ పొద్దటి కాగితాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకోటి విను. కింద ఏమున్నదో సూడు. రాసినవి తప్పయితె పిల్లగాన్ని మా పోటీలల్ల, మా క్యాంపులల్ల ఎన్నడు తీసుకోరు. ఇప్పుడు నేను దీన్ని కొట్టేసిన్ననుకో, ఎందుకు కొట్టేసిన్నో రాయాలె. తండ్రి కాడని రాయాలె. అది పోరని పేరు మీద పడ్తది. కొట్టెయ్యకపోతె ఎత్తు సాలలేదని ఉంటది, గంతే. రెండేండ్లకు పెద్దపిల్లల క్యాంపు ఒకటుంటది. దానికన్న అస్తడు."

"అంటె సాయిలే తండ్రి అని ఉంటదా మీ దాంట్ల?"

"ఉంటది."

వెంకటేశం కాగితం వైపు చూశాడు. నిజం చెప్పించింది తను. ఆ నిజం రాస్తే పిల్లాడు పోతాడు, రాయకపోయినా ఈ ఏటికి పోతాడు. ఇన్ని కొలతలు తీసిన మనుషులు ఒక్క తప్పు కొలతను ఎందుకు తీసేయలేరని అరవాలనిపించింది. అరిస్తే సురేందర్ తండ్రి కాడన్న మాట రాస్తాడు.

అతను మంజుల వైపు తిరిగాడు. కొట్టేయించాలని వచ్చింది ఆమె.

ఆమె కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. సాయిలు వైపు చూడలేదు.

"ఉండనియ్యున్రి" అంది.

హాల్లో వల సంచి విప్పారు. బంతులు దొర్లాయి. పదకొండు మంది రెండు వరుసల్లో నిలబడ్డారు. హరీశ్ తలుపు దగ్గర ఆగాడు. నూట తొంభై మూడు ఉన్న ఒక పిల్లాడు బంతి వేశాడు. అది ఇంకా గాల్లో ఉండగానే హరీశ్ ఎడమ కాలు పక్కకు జరిగింది. బంతి రింగుకు తగిలి ఆ వైపే వచ్చి పడింది. లోపల అది ఎవరికీ అందలేదు. వెంకటేశం సురేందర్ వైపు చూశాడు. సురేందర్ ల్యాప్‌టాప్ మూస్తున్నాడు.

వేములవాడ దాకా నిలబడే వచ్చారు. అక్కడ కోరుట్ల బస్సులో సీట్లు దొరికాయి. మంజుల ఆడవాళ్ల సీట్లో ముందు కూర్చుంది. హరీశ్ మోకాళ్లు ముందు సీటుకు ఆనుతుంటే పక్కకు తిరిగి కూర్చున్నాడు. సాయిలు, వెంకటేశం అతని వెనక సీట్లో ఉన్నారు. సాయంత్రం చెట్లెక్కే వేళ దాటిపోయింది. ఎవరినన్నా ఎక్కమని ఫోన్ చేశావా అని వెంకటేశం అడిగాడు. చేయలేదని సాయిలు చెప్పాడు.

రుద్రంగి దాటాక మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. బస్సు చప్పుడుకు సాయిలు స్పీకర్ పెట్టాడు.

"ఏమన్నరురా? నన్ను సూసిండ్రు గద. నా ఎత్తు సాలలేదా?"

"నీది సాలిందన్నా" అన్నాడు సాయిలు. "నాది సాలలే."

అవతల శ్రీశైలం నవ్వాడు. నీ ఎత్తుతో వాళ్లకేం పని అని అడిగాడు. ఇంటికి వెళ్లాక చెప్తానని సాయిలు పెట్టేశాడు. హరీశ్ కిటికీ వైపు తిరిగాడు.

కొంచెం దూరం పోయాక సాయిలు మళ్లీ మాట్లాడాడు.

"సార్, శనివారం బడిల మీటింగున్నది గద. నేను రావాల్నా, వద్దా?"

"రా" అన్నాడు వెంకటేశం. "ఇంకెవరస్తరు?"

"సంతకం?"

"పెట్టు."

"ఎవరి పేరు పెట్టాలె?"

వెంకటేశం మూడేళ్ల అలవాటు మీద శ్రీశైలం అనబోయి ఆగాడు. సాయిలు అతని వైపే చూస్తూ కూర్చున్నాడు. కథలాపూర్‌లో బస్సు ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. కండక్టర్ వచ్చి, నిలబడినవాళ్లకు దారి లేదు, ఆ పొడుగుపిల్లగాన్ని కాళ్లు లోపలికి పెట్టుకొమ్మని చెప్పున్రి అన్నాడు.