తలుపు పీకినవాళ్లు

అన్నమ్మ ఇంటి తలుపు పీకుతుంటే ఎడమపక్క పట్టింది రేవతే. నాగాయలంక అవతల, రొయ్యల షెడ్డులో తలలు తీసి బతికే పేట అది. పీకుతున్న పదకొండుగురూ అదే షెడ్డు, అదే లోను గ్రూపు. పన్నెండోది అన్నమ్మ కూతురు కల్పన.

"అత్తా, మేకు తుప్పు పట్టింది. చెయ్యి చీరుకుద్ది, చూసుకో" అంది కల్పన.

రేవతి చెయ్యి మేకుకి ఎడంగా జరిపింది. పట్టు మాత్రం వదల్లేదు.

కల్పన బందర్లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. ఫీజుకి గ్రూపులో నలభై వేలు తీసింది. చదువైపోయి రెండేళ్లయినా ఉద్యోగం లేదు. గుడివాడలో ఒక ల్యాబువాడు ఎక్స్‌పీరియన్సు పేరు చెప్పి మూడు నెలలు జీతం లేకుండా చాకిరీ చేయించుకుని పొమ్మన్నాడు. ఇప్పుడా చేతులు ఐసులో రొయ్యలు ఒలుస్తున్నాయి. కిస్తీలు ఆగిపోయాయి.

ఫైనాన్స్ కంపెనీ బాబ్జీ తిట్టడు, కొట్టడు. బండికి స్టాండు వేసి నవ్వుతాడు.

"నాకేంటమ్మా? ఒకళ్లు ఎగ్గొడితే మిగతా పదకొండుగురికీ కొత్త లోను రాదు. మీరూ మీరూ తేల్చుకోండి."

రేవతి కొడుకు అరుణ్‌కి పాలిటెక్నిక్ ఫీజు కట్టడానికి పై శుక్రవారమే గడువు. అందుకే తేల్చుకున్నారు: కిస్తీ కట్టేదాకా అన్నమ్మ ఇంటి తలుపు తమ దగ్గరే. పేదోడి మెడకి పేదోడి చేతే ఉరి బిగించుకుంటే కంపెనీకి తాడు ఖర్చు కూడా ఉండదు.

"పట్టుకుపొండమ్మా, గాలన్నా వచ్చిద్ది" అంది అన్నమ్మ.

నాట్ల రోజులు. మూడోనాడు తెల్లారుగట్ల ఆ గుమ్మంలోంచి రక్తపింజరి వచ్చింది. పొయ్యి అంటిస్తున్న కల్పన మడమ మీద కాటేసింది.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది రేవతే. సర్కారు ఆస్పత్రిలో నర్సు చేతులెత్తేసింది. "రక్తం పరీక్ష చెయ్యాలమ్మా. ల్యాబ్ టెక్నీషియన్ లేరు. ఏడాది నుంచీ పోస్టు ఖాళీ."

కల్పన నవ్వింది. చిగుళ్లలో నెత్తురు.

"సిస్టర్, రక్తం తీసి గాజు ట్యూబులో పొయ్యండి. ఇరవై నిమిషాలు కదపొద్దు. అత్తా, నువ్వు గడియారం చూడు."

రేవతి చూసింది. ఇరవై నిమిషాలయ్యాక నర్సు ట్యూబు వంచితే రక్తం నీళ్లలా జారింది.

"గడ్డకట్టలేదు, విషమెక్కినట్టే. విరుగుడు మందెక్కించండి." తన రిపోర్టు తనే చెప్పుకుంది కల్పన.

ఉన్న మందు చాలదు, బందరు తీసుకెళ్లమన్నారు. బందరు రాకముందే పోయింది.

మంగళవారం గ్రూపు మీటింగు. పద్ధతి ప్రకారం అందరూ లేచి చెయ్యి చాపి "కట్టలేనివాళ్ల కిస్తీ అందరం కడతాం" అని ప్రతిజ్ఞ చెప్పాలి. బాబ్జీ ఒక కాగితం తీశాడు.

"ఒకందుకు మంచే జరిగిందనుకోండి. కల్పనకి ఇన్సూరెన్సుంది, బాకీ మాఫీ. పాముకాటని అందరూ సంతకాలు పెడితే రేపే కొత్త లోన్లు పడతాయి. రేవతిగారూ, మీ వాడి ఫీజు కూడా."

"పెట్టేద్దామే. పోయిన పిల్ల తిరిగొచ్చిద్దా? నా పిల్లకీ ఫీజుంది" అంది భానుమతి.

"పెట్టండమ్మా" అంది మూలనున్న అన్నమ్మ. "నా కూతురు శవం మీద మీ పిల్లల్ని చదివించుకోండి. రేపు వాళ్లకీ రొయ్యల షెడ్డే."

శుక్రవారం ఇంక మూడు రోజులే. రేవతి పెన్నడిగింది. చావుకు కారణం అన్నచోట పాముకాటు కొట్టేసి రాసింది: 'ఇంటికి తలుపు లేదు. పీకింది మేము. పీకించింది కంపెనీ.'

"అమ్మా, మీరే ఇరుక్కుంటారు!"

"ఇరుక్కుంటాం. నిన్నూ నీ కంపెనీనీ కూడా లాక్కుపోతాం."

భానుమతి లేచింది. "గొళ్లెం ఊడదీసింది నేనే. నా పేరూ రాయవే."

పదకొండు సంతకాలతో స్టేషనుకి నడిచారు. ఎస్సై చదివి నవ్వాడు. "మీ మీద మీరే కేసు పెట్టుకుంటారేంటే?"

"మా మీదే కాదండీ, చివరిదాకా చదవండి" అంది రేవతి.

అతను చదవలేదు. పదకొండుగురినీ లోపలేశాడు. వెనకే వచ్చిన బాబ్జీకి కుర్చీ వేసి టీ తెప్పించాడు. శుక్రవారం దాటిపోయింది. అరుణ్ సీటు పోయింది.

పై మంగళవారం బాబ్జీ హంసలదీవి గ్రూపుకెళ్లాడు. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. "ఊఁ, ప్రతిజ్ఞ" అన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు.

"ఏమ్మా, మర్చిపోయారా?"

ముందున్న ముసలామె కొంగు బిగించింది.

"ముందు స్టేషన్లో ఆ పదకొండుగురి పేర్ల పక్కన మీ కంపెనీ పేరు రాయించిరా నాయనా. తర్వాత కూర్చుందాం."