నిండు గీత మీద గోరంత

భార్య ఆఖరి పోటీని పాడుచేసింది ఆమె తమ్ముడే. అందులో అనుమానం లేదు. తుపాకుల మేస్త్రి ఈ మాట కూతురికి చెప్పాడు, కొట్టుకు వచ్చినవాళ్లకు చెప్పాడు, భార్య పోయిన రోజు ఏడుస్తూ వచ్చిన బావమరిదికి ముఖం మీదే చెప్పాడు. ఆ తర్వాత అతన్ని గుమ్మం తొక్కనివ్వలేదు.

మేస్త్రి బాగుచేసేవి పాతకాలపు తుపాకులు. మూతి నుంచి మందు పోసి, గుడ్డముక్కలో చుట్టిన గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా కూరాలి. ఇప్పుడు వాటితో వేటకు పోయేవాళ్లు లేరు. ఊరి చివర మైదానంలో అట్ట మీద గురిచూసి కాలుస్తారు. అక్కడ సున్నంతో గీసిన గీత ఒకటి ఉంటుంది. గీత అవతల నిలబడి తుపాకీ నింపుకుంటున్న మనిషిని ఎవరూ పలకరించకూడదు. కన్నతల్లి వచ్చినా ఇవతలే నోరు మూసుకుని నిలబడాలి. నింపేటప్పుడు చేతులు అలవాటు కొద్దీ నడుస్తాయి. మధ్యలో మాట పడితే ఏదో ఒకటి దాటేస్తాయి. మందు దాటేసి గుండు కూరితే ఇక అది తుపాకీ కాదు, బిరడా బిగించిన గొట్టం.

ఆ రోజు ఆమె గీత అవతల నింపుకుంటోంది. మైదానంలో అందరూ వాగుడుకాయ అని పిలిచే ఆమె తమ్ముడు గీత దగ్గరికి వచ్చి, "అక్కా, బీరువా తాళాలు ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

"గూట్లో," అంది ఆమె.

అంతే. తర్వాత ఆమె గురిచూసి మీట నొక్కితే, మందుకు నిప్పు అందించే కేపు టప్పుమంది, గొట్టం పలకలేదు. ఇంకో కేపు పెట్టింది. అదీ అంతే. కడ్డీ లోపలికి దించి, గొట్టం మూతి దగ్గర దాని మీద బొటనవేలు పెట్టి కాసేపు నిలబడి చూసింది. "మందు పోయడం మరిచిపోయానండీ," అంది మొగుడితో. నవ్వింది కూడా. ఇంటికి వచ్చి తుపాకీని వంటింటి గోడకు తగిలించింది. గుండు లాగేద్దామని మేస్త్రి అంటే తర్వాత చూద్దాం లెమ్మంది. తర్వాత జబ్బుపడింది. ఆ తర్వాత లేదు.

తుపాకీ గోడ మీదే ఉండిపోయింది. నింపిన తుపాకీని ఇంట్లో ఉంచుకునేవాళ్లను మేస్త్రి నోరారా తిట్టేవాడు. కాని దీంట్లో మందు లేదు కదా. ఉత్త గుండే. అది బావమరిది మీద సాక్ష్యం. సాక్ష్యాన్ని ఎవరు ఊడదీస్తారు?

ఊడదీయాల్సిన అవసరం కూతురి వల్ల వచ్చింది. అమ్మ తుపాకీతో తను పోటీలో నిలబడతానంది. గుండు లాగడం ఒక్కడి పని కాదు. మేస్త్రి కుడి భుజం ఎప్పుడో పట్టేసింది. మామయ్యను రమ్మన్నానని కూతురు చెప్పింది. మేస్త్రి ఎగిరిపడ్డాడు. ఆ పిల్ల తల్లిలాగే గొంతు పెంచకుండా బేరం పెట్టింది. లోపల మందు లేదని తేలితే మామయ్య మైదానంలో పదిమంది ముందు తప్పు ఒప్పుకుంటాడు. ఉందని తేలితే మామయ్యకు గుమ్మం తెరవాలి. ఈ బేరానికి ఒప్పుకోకపోతే తనే మామయ్య ఇంట్లో ఉండి పోటీకి వెళ్తుంది.

"తేలడానికేముంది? పిలువు," అన్నాడు మేస్త్రి.

వాగుడుకాయ వెనక సందులోంచి నేరుగా కొట్లోకి వచ్చాడు. వస్తూనే బావ చిక్కిపోయాడన్నాడు, సందులో కుక్క తనను గుర్తుపట్టిందన్నాడు, మనుషులకంటే అదే నయమన్నాడు. మేస్త్రి తుపాకీని బల్లకున్న వైసులో బిగించి, కేపు పెట్టే మొనలోకి తిన్నగా చిటికెడు మందు ఎక్కించి పేల్చేస్తే గుండు దానంతట అదే బయటపడుతుందని కూతురితో అన్నాడు. మందు మరిచిన గుండుకు అందరూ చేసే వైద్యం అదే.

"ముందు కడ్డీతో చూడు నాన్నా. అమ్మ అయితే అదే చేసేది."

ఆమె కడ్డీ మీద రెండు గీతలు ఉంటాయి. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీ ఎంతవరకు దిగుతుందో అక్కడొకటి, సరిగ్గా నింపినప్పుడు ఎంతవరకు దిగుతుందో అక్కడొకటి. మొదటిది ఖాళీ గీత, రెండోది నిండు గీత. ఉత్త గుండే ఉంటే కడ్డీ దాదాపు ఖాళీ గీతదాకా దిగిపోవాలి.

దిగలేదు. నిండు గీత దగ్గరా ఆగలేదు. ఆ గీత గొట్టం మూతికి గోరంత పైనే నిలిచింది.

మేస్త్రి కడ్డీ తీసి మళ్లీ దించాడు. తుడిచి దించాడు. ఇది వేరే తుపాకీ కడ్డీ ఏమోనని తిప్పి చూశాడు. పిడి దగ్గర ఆమె పంటిగాట్లు ఉన్నాయి, చేతులు ఖాళీ లేనప్పుడు పళ్లతో పట్టుకునేది. కడ్డీ ఆమెదే. మరి గుండు మధ్యలోనే ఇరుక్కుందా? అలా అయితే ఇంకా చాలా పైన ఆగాలి. మందు రెండుసార్లు పోసిందా? మరిచానన్న మనిషి రెండుసార్లు ఎలా పోస్తుంది?

"బావా, మందు లేకపోతే దిగిపోవాలన్నావు," అన్నాడు వాగుడుకాయ.

"నాకు తెలుసు."

"పైకెక్కింది మరి. ఇన్నేళ్లు గోడ మీద ఉండి ఒళ్లు చేసిందేమో."

కూతురు నవ్వు ఆపుకుంది. మేస్త్రి మొన ఊడదీశాడు. లోపల మందు ఉన్నట్టే అనుకుని ముందు తడపాలి. పొడి మందు మీద గుండు లాగకూడదు. గొట్టాన్ని కొయ్య నుంచి విడదీసి, మొన రంధ్రంలోంచి నూనె డబ్బా ముక్కుతో నీళ్లు ఎక్కించాడు. మందు ఉంటే నల్లటి నీళ్లు వెనక్కి రావాలి. తెల్లగా వచ్చాయి.

"చూశారా," అన్నాడు మేస్త్రి. కాని ఆ మాటలో పస లేదు. నీళ్లు మందు లేదంటున్నాయి. కడ్డీ ఉంది పొమ్మంటోంది. పెళ్లిలో రెండువైపుల పెద్దల్లాగా ఏ ఒక్కటీ తగ్గడం లేదు.

ఇక పేల్చే మాట తను ఎత్తలేదు. నీళ్లు ఎక్కిస్తూ కూర్చున్నాడు. వాగుడుకాయ డబ్బా నింపి ఇస్తున్నాడు. భోజనాల వేళ దాటింది. అప్పుడు రంధ్రంలోంచి బూడిదరంగు చుక్క ఒకటి జారింది. దాని వెనక ఇంకోటి, కాస్త నల్లగా. మేస్త్రి వేలితో అద్ది వాసన చూశాడు. కుళ్లిన గుడ్డు కంపు. తడిసిన మందుకు తప్ప ఆ కంపు దేనికీ రాదు.

అంటే ఇన్నేళ్లూ పొయ్యికి ఎదురుగా గోడ మీద నిండు తుపాకీ. దాని కింద నిలబడి ఈ పిల్ల వంట చేసింది. మేస్త్రి నూనె డబ్బా బల్ల మీద పెట్టేశాడు.

కూతురు ఆగలేదు. కడ్డీ చివర మర బిగించి, సీసపు గుండులోకి తిప్పి గుచ్చింది. మామయ్య గొట్టం పట్టుకున్నాడు, తను లాగింది. గుండు వచ్చింది. దానితో పలచటి తెల్ల గుడ్డముక్క, మైనం రాసి ఆమె కత్తిరించుకున్నదే. వెనకే నల్లటి బురద. మందు సరిగ్గా ఉండాల్సినంత ఉంది. ఆమె ఏదీ మరవలేదు.

"ఇంకా ఏదో ఉంది," అంది కూతురు. మర తీసి మెలికల కొక్కెం బిగించింది. తిప్పితే మెత్తగా పట్టుకుంది. లాగితే నల్లటి ముద్ద వచ్చి బల్ల మీద పడింది. వేళ్లతో విప్పింది. దళసరి ఖాకీ గుడ్డ. ఒక అంచున కాజా కుట్టు ఉంది.

ఆ ఇంట్లో ఖాకీ చొక్కాలు తొడిగేది ఒక్కడే. చిరిగినవాటిని పీలికలు చేసి గొట్టాలు తుడిచేదీ ఒక్కడే.

పోటీకి ముందురోజు సాయంత్రం ఆమె తుపాకీ తుడిచి పెట్టింది మేస్త్రే. నింపేముందు ఉత్త కేపు ఒకటి పేల్చి, గొట్టం మూతి ముందు గడ్డి కదిలిందా లేదా అని చూసుకోవడం ఆమె అలవాటు. తుడిచి చూసిపెట్టానని, నేరుగా నింపుకొమ్మని చెప్పిందీ తనే. పీలిక అడుగున ఉండిపోయింది. కేపు నిప్పు దానికే తగిలి ఆరింది.

సరే. ఇంతవరకు అర్థమైంది. అర్థం కానిది బొటనవేలు. గొట్టం పలకనప్పుడు ఆమె కడ్డీ దించి చూసింది. నిండు గీత పైకి ఉండటం చూసింది. మందు మరిస్తే గీత కిందికి పోతుందని ఆమెకు తెలియక కాదు. అడుగున ఏముందో తెలిసింది. తెలిసి, మందు మరిచానంది. మొగుడి మాట కాపాడటానికా? పదిమందిలో అతని చేతిపనికి మచ్చ రాకూడదనా? మరి ఆ నింద తమ్ముడి నెత్తిన పడుతుంటే ఎందుకు ఊరుకుంది? గుండు లాగేద్దామంటే వద్దన్నది అందుకేనా? మేస్త్రి ఎటు తిప్పినా లెక్క తేలలేదు. పోయిన మనిషిని నిలదీయడానికి లేదు.

"మామయ్యా," అంది కూతురు నెమ్మదిగా. "అమ్మ నీకు చెప్పిందా?"

వాగుడుకాయ ఖాకీ ముక్కనే చూస్తున్నాడు. అతను నోరు తెరవకపోవడం మేస్త్రి ఎన్నడూ చూడలేదు. సందులో కుక్క అరిచింది. అతను దాని గురించి కూడా ఏమీ అనలేదు.

మేస్త్రికి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

"గీత దగ్గరికొచ్చి పలకరించాడా లేదా?" అన్నాడు.

"పలకరించాను బావా."

"పలకరించకూడదు."

"కూడదు."

మేస్త్రి లేచాడు. ఖాకీ ముక్కను కొట్టు మూలనున్న చిదుగుల పొయ్యిలో వేశాడు. తడిది, మండకుండా పొగలు కక్కింది. కొట్లోంచి ఇంట్లోకి పోయే తలుపుకు, బావమరిదిని పొమ్మన్న రోజు వేసిన గడియ తీశాడు. తుప్పు పట్టి రాకపోతే సుత్తితో కొట్టి తీశాడు. తలుపును బార్లా తెరిచి, కదలకుండా రాయి అడ్డం పెట్టాడు. రమ్మని మాత్రం అనలేదు.

"నాన్నా, ఒక్క మాట..." అంది కూతురు.

"గొట్టం వేడినీళ్లతో కడుగు. తుడిచాక గుడ్డ బయటికి వచ్చిందో లేదో కళ్లతో చూసుకో. నేను చెప్పినా నమ్మకు." కడ్డీ తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఈ సంగతి మీరు నా ముందు ఎత్తొద్దు. నేను చచ్చేదాకా ఎత్తను. అయిపోయింది."