రోజుకు ఇరవై నిమిషాలు

ఫోన్లో ఆ పేజీ చూపించింది నేనే. నరసరావుపేటలో పదిహేనేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. బ్యాటరీని పాడుచేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసి, ఉబ్బిపోయాక తెచ్చి కంపెనీ మోసమంటారు. అందుకే అమర్నాథ్ తన భార్య తేజస్వికి కొత్త ఫోన్ కొని, "మన్సూర్ భాయ్, బ్యాటరీ నాలుగేళ్లు రావాల" అన్నప్పుడు ముచ్చటేసింది. బ్యాటరీ హెల్త్ ఎక్కడ చూడాలో, ఏది ఎన్ని నిమిషాలు వాడారో ఎక్కడ కనపడుతుందో దగ్గరుండి చూపించాను. ఆ రెండోది వాడు రెండుసార్లు అడిగాడు. నా బుర్రకే వెలగలేదు.

వాడు సూపర్‌వైజర్ పనికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే తేజస్వి షాపుకొచ్చింది.

"అన్నా, ఇందులో కాల్స్ టైము తక్కువ చూపించేటట్టు చేయొచ్చా?"

"మాట్లాడకపోతే అదే తగ్గుద్ది కదమ్మా."

ఆమె నవ్వలేదు. రోజూ సాయంత్రం ఏడింటికి ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి మొగుడికి పంపాలట. కాల్స్ ఇరవై నిమిషాలు దాటితే ఎవరితో, ఎందుకు అని నిలదీస్తాడట. రాజుపాలెంలో తల్లి పుల్లమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది. వెళ్లొస్తానంటే అత్త ఊరు దాటనివ్వదు. మిగిలింది ఫోనొక్కటే.

"అమ్మతోనని చెప్పొచ్చుగా?"

"చెప్పానన్నా. మాట సరిగా రాని మనిషితో అరగంట ఏం మాట్లాడావంటాడు."

నా సొరుగులో పాత కీప్యాడ్ ఫోన్లు పది దాకా ఉన్నాయి. ఒకటి తీసి ఆమె చేతిలో పెడితే సరిపోయేది. కానీ రేపు అమర్నాథ్ వచ్చి, నా పెళ్లానికి దొంగచాటు ఫోన్ ఇస్తావా అని బజార్లో నిలబెడితే? "మీరూ మీరూ కూర్చొని మాట్లాడుకోండమ్మా" అన్నాను. నా పిరికితనాన్ని పెద్దమనిషి సలహాగా చెప్పి పంపించేశాను.

మళ్లీ రెండు నెలలకు వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. తల్లి పోయి రెండు రోజులైందట.

"ఆ రోజు మధ్యాహ్నం అమ్మే చేసిందన్నా. పొద్దున ఆడబిడ్డ చేసినప్పుడే ఇరవై నిమిషాలూ అయిపోయినయ్. రేపు మాట్లాడతాలే అమ్మా అని పెట్టేశా. ఏదో చెప్పబోతానే ఉంది."

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాను. ఆమె ఫోన్ నా ముందుకు జరిపింది.

"నిన్నటిది మూడు గంటలు చూపిస్తంది. అమ్మ పోయిందని చుట్టాలకి చేసిన కాల్సే. ఆయనకి సెలవు దొరకలా, రాలేదు. ఎవరితో ఎన్ని నిమిషాలో పేర్లతో సహా పంపమన్నాడు. పేర్ల లిస్టు నాకు తీయడం రాదు, తీసిస్తావా?"

నాకు నెత్తురు మరిగింది. వాడిమీద సగం, నామీద సగం. నా ఫోన్ తీసి అమర్నాథ్ నంబర్ నొక్కబోయాను.

"వద్దన్నా," అంది తేజస్వి నా చెయ్యి పట్టుకుని. "ఇంక గొడవెందుకు? అమ్మ లేదుగా. ఇప్పుడు నాకు ఇరవై నిమిషాలు చానా ఎక్కువ."