డిక్కీలో చిక్కిన సంచి

చేతికందిన చేను జారిపోయిందంటే అదంతా బామ్మర్ది భానుచందర్ చలవేనని దేవరాజులు ఈనాటికీ పళ్లు కొరుకుతాడు. శుక్రవారం రాహుకాలం మొదలయ్యేలోగా అడ్వాన్సు ఇవ్వకుంటే చేను వేరేవాళ్లకిస్తానని వరదమ్మ ముందే తెగేసి చెప్పింది. అందుకే ముందురోజే డబ్బు సంచి భానుచందర్ కారు డిక్కీలో పెట్టుకుని, వరదమ్మ ఉండే కార్వేటినగరం వచ్చి బంధువులింట్లో పడుకున్నారు.

పొద్దున చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది. తలుపులు తాళంచెవితో తెరుచుకున్నాయి గానీ, డిక్కీ మాత్రం బటన్ నొక్కితే తప్ప తెరుచుకోదు.

"రాత్రంతా కార్లో స్వామి పటం ముందర బల్బు ఎలగతానే ఉన్నింది గదరా! ఆర్పి సావకపోయినావా?"

"స్వామి దీపం యాడన్నా ఆర్పుతారా బావా? అరిష్టం."

"తప్పుకో. ఎనక సీటు పీకి సంచి తీస్తా."

"కొత్త సీటు మీద సెయ్యేస్తే మర్యాదగా ఉండదు. మెకానిక్కు వస్తాండాడు."

మెకానిక్కు రాలేదు. చివరికి దేవరాజులు బామ్మర్దిని పక్కకు తోసి, వెనక సీటు పెరికి, ఆ సందులోంచి సంచి లాక్కుని పరుగెత్తాడు. అప్పటికే రాహుకాలం వచ్చేసింది. వరదమ్మ అరుగు మీద మరో బేరగాడు అడ్వాన్సు ఇచ్చేసి కాఫీ తాగుతున్నాడు.

"ముందే సెప్పినాను గదప్పా," అంది వరదమ్మ.

దేవరాజులు పొలాన్ని ఆనుకుని ఉన్న చేను, బోరుతో సహా ఎకరా పదిహేడు సెంట్లు పోయింది.