బురుజు మీంచి కబురు

సోషల్ పాఠానికి బ్యాండు ఎందుకని హెడ్మాస్టరు గొణిగితే వనజ టీచర్ వింటేనా! ఎనిమిదో తరగతిని బ్యాండు సామానుతో సహా కొండవీడు ఎక్కించేసింది.

"ఫోన్లు లేని రోజుల్లో శత్రువులొస్తన్నారని కోట మీంచి కిందికి ఎట్టా చెప్పుంటారు? నగారా కొట్టి. ఆ కబురు ఎంత దూరం పోద్దో ఇయ్యాల మనమే చూద్దాం," అంది.

పెద్ద డ్రమ్ము వెన్నెలది. పొద్దుటి మంచు ఇంకా కొండను వదల్లేదు. బురుజు కింద ఊళ్లన్నీ నీళ్లలో మునిగినట్టు మసగ్గా ఉన్నాయి. ఆ మసకలోనే ఎక్కడో కంకర క్వారీ, అందులో నాన్న.

ఇరవై ఏళ్లు మందు పేలుళ్ల పక్కన పనిచేసి కోటేశ్వర్ చెవులు పోగొట్టుకున్నాడు. కూతురి వాయింపు ఒక్క దెబ్బ కూడా వినలేదు. పంద్రాగస్టుకి వచ్చి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు, అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు. ఆ రోజు వెన్నెలకు ఏడుపు ఆగలేదు. నాన్న ఒక్కసారి వింటే చాలు, ఇంకేం అక్కర్లేదనుకునేది పిచ్చిది.

ఇంట్లో డ్రమ్ము లేదు కాబట్టి సాయంత్రాలు అరుగు బండ మీదే రెండు కర్రలతో వాయించుకునేది. పని నుంచి వచ్చిన నాన్న అదే బండ మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ నిద్ర చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

"ఊఁ, కొట్టవే," అంది టీచర్.

ధాం. ధాం ధాం. మంచు కదిలింది. అందులోంచి గుర్రాలు, ఈటెలు, తలపాగాలు ఒక్కొక్కటే నడిచి వస్తున్నట్టు తోచి వెన్నెల మైమరచి కొట్టింది.

మంచు పలచబడేసరికి పిల్లలు పకపకా నవ్వారు. కింద క్వారీలో జనం గునపాలు పారేసి పరుగులు తీస్తున్నారు. విజిల్ వేయకుండానే మందు పేల్చారనుకున్నారు పాపం, లారీల కిందికి దూరిపోతున్నారు.

ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. ఎదురుగా ఉన్న బండకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి తలెత్తి, నెత్తినున్న ఎర్ర తువ్వాలు తీసి ఊపాడు. వెన్నెల కొట్టినప్పుడల్లా ఒకసారి, సరిగ్గా దెబ్బకు దెబ్బ.

బండ మోసిందో, గాలి మోసిందో, ఆ దేవుడికే ఎరుక. వెన్నెల ఆపలేదు.

"కబురు అందింది, రాసుకోండి," అంది టీచర్.

సాయంత్రం నాన్న రాగానే ఎదురెళ్లి, ఎలా తెలిసిందని సైగ చేసింది.

"ఏందే, తెలీకపోవడమేంది? రోజూ నా వీపుకి తగిలే దెబ్బేగా!" అన్నాడు కోటేశ్వర్. వాకిట్లో ఖాళీగా ఉన్న నులక మంచం చూపించాడు. "అది ఉండగా బండ మీద ఎందుకు పడుకుంటన్నా అనుకున్నావు? నడుం చానా నొప్పెడతంది, అయినాగానీ."

వెన్నెల లోపలికెళ్లి రెండు కర్రలూ తెచ్చుకుంది. నాన్న అరుగు మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

"కొట్టమ్మా," అన్నాడు.